సుడిగాలి మీద ఆరు తూటాలు

కొరీన్ ఆ చెక్కపెట్టె పట్టుకుని నార్బర్ట్ దుకాణం అరుగు ఎక్కేసరికి మేం నలుగురం కాఫీ తాగుతున్నాం. పెట్టె చూడగానే నలుగురి కప్పులూ గాల్లోనే ఆగిపోయాయి. అందులో ఏముందో ఆమె చెప్పనక్కర్లేదు. ఆమె హార్లన్ వాస్‌బర్గ్ కూతురు. హార్లన్ చలికాలంలో పోయాడు. అతని కుర్చీ ఇంకా అరుగు మీదే ఉంది. దాన్ని తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

నార్బర్ట్ హాస్ తుపాకులు బాగుచేస్తాడు. శనివారం పొద్దున అతని అరుగు మీద పోగయ్యే మా అందరికీ ఒకటే పిచ్చి, పాత డబుల్ యాక్షన్ రివాల్వర్లు. ఒక్కో ముక్కా మనిషి చేత్తో అరగదీసి అమర్చిన కాలం నాటివి. ట్రిగ్గర్ ఒక్కసారి లాగితే చాలు, వెనక సుత్తి తనంతట తనే లేస్తుంది, తూటాల చక్రం తిరుగుతుంది, గుండు పేలుతుంది. మా అందరిలోకీ విల్మా క్రెబ్స్ సేకరణ పెద్దది. డెబ్బై దాటిన మనిషి. మొగుడి ఫోటోలు పెట్టాల్సిన అల్మారాలో కూడా రివాల్వర్లే పెట్టుకుంది. నా దగ్గరా కొన్ని ఉన్నాయి, చెప్పుకోదగ్గవే. వర్జిల్ స్టబుల్‌ఫీల్డ్ దగ్గర ఒక్కటుంది. దాని పిడి ఒక తుపాకీది, గొట్టం ఇంకో తుపాకీది, చక్రం ఎక్కడిదో దేవుడికే తెలియాలి.

హార్లన్ దగ్గర అందరికీ చూపించే నాలుగైదు కాక ఇంకో రివాల్వర్ ఉందని మా కౌంటీ అంతటికీ తెలుసు. దాన్ని చూసినవాళ్ళు లేరు. ఎప్పుడడిగినా "ఉందిలే" అని నవ్వేవాడు, అంతే.

కొరీన్ తండ్రి కుర్చీలో కూర్చుంది. బడి బస్సు నడుపుతుంది కాబట్టి అరవకుండానే పదిమందికీ వినపడే గొంతు ఆమెది.

"నాన్న పోయేముందు ఒక మాటన్నాడు. దీన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే మనిషి ఈ అరుగు మీదే ఉన్నారట. ఎవరో నన్నే తేల్చుకోమన్నాడు. నాకా, తుపాకుల గురించి ఒక్క ముక్క తెలీదు. మీరు ఎప్పట్లాగే మాట్లాడుకోండి. నేను వింటాను. వెళ్ళేటప్పుడు ఎవరి చేతిలో పెట్టాలో వాళ్ళ చేతిలో పెట్టి వెళ్తాను."

ఇంక మాటలెక్కడివి? విల్మా గొంతు సవరించుకుని ఊరుకుంది. నార్బర్ట్ శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో మళ్ళీ తుడుచుకున్నాడు. నాకివ్వమని నోరు తెరిచి అడగడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? ఎదురుగా ధాన్యం గోదాం మీది రేకు గాలికి టపటపా కొట్టుకుంటోంది.

అప్పుడు వర్జిల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆ రివాల్వర్ నేను చూశాను," అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు నార్బర్ట్.

"చూశానంటున్నా. చూడ్డమేంటి, పేల్చాను కూడా. పెద్ద గొప్పేం కాదులే. ఒక్క సూపు డబ్బా. వాళ్ళ పొలం కంచె గుంజ మీద పెడితే కొట్టాను, పడింది. అంతే. చెప్పుకోవాల్సినంత సంగతి కాదు గనకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

వర్జిల్ ఒక సంగతి మనసులో దాచుకున్నాడంటేనే మాకు గుండె ఆగినంత పనైంది. గ్యాస్ ట్యాంకరు నడిపిన రోజుల్లో వాడు మంచుగడ్డల మీద నిద్రపోతూ ట్యాంకరు నడిపాడనీ, ఎలుగుబంటికి దారి చెప్పాడనీ మేం వందసార్లు విన్నాం. సూపు డబ్బా గురించి మాత్రం ఎప్పుడూ వినలేదు.

"ఎప్పుడు పేల్చావ్?" అన్నాను.

"చెప్తా, తొందరెందుకు? ఒక వసంతంలో హార్లన్ ట్రక్కు వాళ్ళ వాగు దగ్గర బురదలో ఇరుసుల దాకా దిగబడిపోయింది. అటుగా వెళ్తున్నవాణ్ణి, ఆగి లాగిపెట్టాను. గొలుసు తెగిపోతే నడుముకి తాడు కట్టుకుని లాగాననుకో, అది వేరే కథ, ఇప్పుడెందుకు. ఆయన చేతులు పట్టుకుని, వర్జిల్, నీకొకటి చూపిస్తా రా, ఇది నా పెళ్ళానికి కూడా చూపించలేదు అన్నాడు. వంటింట్లోకి తీసుకెళ్ళాడు, కిటికీలు మూశాడు, ఈ పెట్టే, అచ్చం ఈ పెట్టే, మూత తీశాడు. నీలం! వాన కురిసి వెలిశాక ఆకాశం ఉంటుంది చూడు, ఆ నీలం. నా మొహం అందులో కనపడింది. ఎలా కనపడిందనుకున్నావ్? పాతికేళ్ళ కుర్రాడిలా! నా పళ్ళన్నీ తిరిగొచ్చాయి అందులో!"

"పిచ్చి వాగుడు," అంది విల్మా. కానీ ముందుకు వంగింది.

"ట్రిగ్గర్ సంగతి విను విల్మా, నీకే అర్థమవుతుంది. నీ దగ్గరున్నవి లాగితే ఎలా ఉంటాయి? గడ్డపెరుగులో గరిట తిప్పినట్టు ఉంటాయి కదా? ఇది అలా కూడా కాదు. లాగినట్టే తెలీదు. పేల్చాలి అని అనుకుంటే చాలు, సగం లాగినట్టే లెక్క. హార్లన్ అన్నాడు, వర్జిల్, దీన్ని పట్టుకున్నప్పుడు కోపమొచ్చే విషయాలేవీ తల్చుకోకు. నేనేం చేశాను? మా బావమరిది గుర్తొచ్చాడు. ఢాం! డబ్బా పడింది. నేను గురి కూడా చూడలేదు!"

నాకు నవ్వొచ్చింది. కొరీన్ నవ్వలేదు. పెట్టె మూత మీద రెండు చేతులూ పెట్టుకుని వింటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మోతకి గడ్డిలోంచి లేచింది, తోక చివర గిలక్కాయ మోగించే పాము. ఎంతుందంటావ్? తల ఇక్కడుంటే తోక పక్క కౌంటీలో పన్ను కడుతోంది. అది హార్లన్ బూటుకి బెత్తెడు దూరంలో తలెత్తి నిలబడింది. కొడితే కాలు పోతుంది, కొట్టకపోతే మనిషే పోతాడు. నేను దాని కళ్ళలోకి చూశాను, అది నా కళ్ళలోకి చూసింది. నేను పాముని కొట్టలేదు, ఒట్టు. దాని గిలక్కాయ ఒక్కటే ఎగరగొట్టాను, దీపం వత్తి కత్తిరించినట్టు. అది వెనక్కి తిరిగి తోక చూసుకుంది. ఆడించింది. చప్పుడు రాలేదు. ఎంత సిగ్గుపడిందంటే ఆ పాము, తలొంచుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవర్నీ కరవలేదు."

"అమ్మ బాబోయ్," అన్నాను నేను. అబద్ధమని తెలుసు. అయినా నోట్లోంచి వచ్చేసింది. వర్జిల్ చెప్పేటప్పుడు అదొక జబ్బు నాకు.

"అప్పుడే బాబోయ్ అంటే ఎలాగయ్యా? పక్షుల దగ్గరికి రానీ. పాముని చూసి గడ్డిలోంచి అడవికోళ్ళు లేచాయి, రెండు. ఒకటి అటు, ఒకటి ఇటు. చక్రంలో చూస్తే ఎన్ని తూటాలు? ఒక్కటే. హార్లన్ పెట్టిన తూటాలన్నీ ఎప్పుడు పేల్చానో నాకే గుర్తులేదు, అంత మెత్తన ఆ ట్రిగ్గర్. ఒక్క తూటా, రెండు పక్షులు. అటు చూస్తే మొద్దులో గుచ్చిన గొడ్డలి కనపడింది. దాని అంచు మీద కొట్టాను. తూటా సరిగ్గా మధ్యకి చీలింది, సగం ఇటు పక్షికి, సగం అటు పక్షికి. రెండూ దబ్‌మని పడ్డాయి. మూడోది కూడా పడింది."

"మూడోది ఎక్కడిది? రెండే అన్నావుగా," అన్నాడు నార్బర్ట్.

"మూడోది ఇంకా లేవలేదు. గడ్డిలో కూర్చుని ఇదంతా చూసింది. చూసి గుండాగి చచ్చింది. తూటా తగలనే లేదు దానికి, వండుకునేటప్పుడు వెతికాం కూడా!"

నార్బర్ట్ కప్పు కింద పెట్టేశాడు. "ఇంక సుడిగాలి ఒక్కటే మిగిలింది," అన్నాడు ఎగతాళిగా.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు వర్జిల్ తెల్లబోయి. "హార్లన్ చెప్పాడా?"

 ఎగతాళికి అన్న మాట కూడా వాడి కథలో కలిసిపోయింది.

"ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాను. ఆయన పోయాడు కదా, ఇప్పుడైనా నిజం బయటికి రావాలి. నైరుతి మూల ఆకాశం పచ్చగా మారింది. పచ్చదనమంటే మామూలుది కాదు, పాత రాగి చెంబుకి పట్టిన పచ్చదనం. ఆవులు పడుకున్నాయి. కుక్కలు ట్రక్కు కిందికి దూరాయి. చూస్తే దిగుతోంది, నల్లగా, ఏనుగు తొండంలా, మన ఊరి మీదకే! దారిలో ఆవుల్ని పీల్చుకుంటోంది, కొట్టాల్ని పీల్చుకుంటోంది, పాత చర్చిని పాస్టరుతో సహా పీల్చుకుంది. ఆయన లోపల తిరుగుతూ ప్రసంగం ఆపలేదు, నా చెవులారా విన్నాను, మూడోసారి తిరిగొచ్చినప్పుడు ఆమెన్ అన్నాడు. హార్లన్ నేలమాళిగలోకి పద వర్జిల్ అన్నాడు. నేనన్నాను, మనం దాక్కుంటే మన ఊరు బ్రాక్‌విల్‌ని ఎవరు చూస్తారు? ఆరు తూటాలివ్వు అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇచ్చాడు."

"సుడిగాలిని కాల్చావా?" అన్నాను.

"కాల్చడం కాదయ్యా, విప్పాను! ఇక్కడే ఉంది కిటుకు. సుడిగాలి ఎటు తిరుగుతుంది? కుడికి. ఈ రివాల్వర్ చక్రం ఎటు తిరుగుతుంది? ఎడమకి. తూటా కూడా ఆ తిరుగుడు పట్టుకుని వెళ్తుంది. ఒక్కో తూటాకి దాని చుట్టు ఒక్కొక్కటీ విడిపోయింది, కండె మీంచి దారం లాగినట్టు..."

"ఆగాగు," అంది విల్మా. ఆమె మొహం ఎర్రబడింది. "ఎడమకా? పెట్టె మీద పేరున్న ఆ కంపెనీ చక్రాలు ఎడమకి తిరగవు. కుడికి తిరుగుతాయి."

"ఇది తిరుగుతుంది."

"తిరగదు! నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను. సుడిగాలిని ఆపావంటే ఆపావు, నాకేం అభ్యంతరం లేదు. చక్రం ఎడమకి తిరిగిందంటే మాత్రం ఒప్పుకోను."

"అయితే సుడిగాలే ఎడమకి తిరిగుంటుంది, నాకప్పుడు దిక్కులు చూసుకునే తీరికుందా?" అన్నాడు వర్జిల్, ఏ మాత్రం తడబడకుండా. "ఆరో తూటాకి అది మొత్తం విడిపోయి దారప్పోగుల్లా నేల మీద పడింది. ఆవులు పైనుంచి మెల్లగా దిగాయి, నెమరేస్తూనే. చర్చి దిగింది, కొంచెం వంకరగా దిగిందనుకో, ఇప్పటికీ వంకరగానే ఉంది, వెళ్ళి చూసుకోండి! ఇక హార్లన్, నా భుజానికి భుజం ఆనించి నిలబడ్డ హార్లన్, ఒక్కో మోతకీ ఎగిరి గంతేస్తున్నాడు. ఇంకోటి కొట్టు వర్జిల్, ఇంకోటి! అంటూ ఒకటే చప్పట్లు. అప్పుడన్నాడు, వర్జిల్, నా తర్వాత దీన్ని పట్టుకోవాల్సిన చెయ్యి ఇదేనయ్యా అని."

వర్జిల్ కుర్చీలో వెనక్కి వాలి, కుడి అరచెయ్యి తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. అందరికీ కనపడేటట్టు. కొరీన్‌కి మరీ బాగా కనపడేటట్టు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. వాడు ఇంత బాగా ఇంకెప్పుడూ చెప్పలేదు.

"వర్జిల్ గారూ," అంది కొరీన్. "మా నాన్న మీ పక్కనే నిలబడ్డాడా?"

"భుజానికి భుజం ఆనించి, తల్లీ."

"చెవుల్లో ఏమైనా పెట్టుకున్నాడా?"

"హార్లనా? చెవుల్లోనా? పాట కచేరీకి వచ్చినవాడిలా విన్నాడమ్మా ఆయన."

కొరీన్ పెట్టె మూత మీంచి చేతులు తీసింది.

"మా నాన్న తుపాకీ మోత తట్టుకోలేడండి," అంది. "వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంతే. జూలై నాలుగు పండక్కి ఊరంతా టపాకాయలు కాలుస్తుంటే ఆయన నేలమాళిగలో, బట్టలుతికే మిషను ఆన్ చేసుకుని, దాని పక్కన కూర్చునేవాడు. చిన్నప్పుడు నేనూ వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఆయన చెయ్యి పట్టుకుంటే నా చెయ్యి కూడా వణికేది. ఒకసారి మా మావయ్య తెలియక పెరట్లో కుందేలుని కొట్టాడు. నాన్న భోజనాల బల్ల కిందికి దూరాడు. అమ్మ బతిమాలితే గానీ బయటికి రాలేదు."



నేను హార్లన్‌ని ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. మేం వాగు వెనక తుపాకులు కాల్చడానికి వెళ్ళినప్పుడల్లా అతను వచ్చేవాడు, నడుం నొప్పి అని ట్రక్కులోనే ఉండిపోయేవాడు, అద్దాలు పైకెత్తుకుని, రేడియో గట్టిగా పెట్టుకుని. నడుం నొప్పికి రేడియో ఎందుకని మాలో ఒక్కళ్ళం అడగలేదు. ముసలాడికి బద్ధకమని నవ్వుకున్నాం. నార్బర్ట్‌కి కూడా అదే గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది.

"మరి ఈ తుపాకులెందుకు కొనుక్కున్నాడమ్మా?" అంది విల్మా చాలా మెల్లగా.

"నేనూ అడిగాను. అంత భయమైతే ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావని. మిగతావి నీకోసమే, అమ్ముకోవచ్చు అన్నాడు. ఇదొక్కటి చేతిలోకి తీసుకుని, నేను చూసిన ప్రతిదీ ఎవరో ఒకరి మీద పేలిందేనే, ఇదొక్కటే ఇంతవరకు ఎవరి మీదా, దేని మీదా పేలలేదు అన్నాడు. పొద్దున్నే ఒకసారి తీసి, తుడిచి, పెట్టేసేవాడు. ట్రిగ్గర్ కూడా ముట్టుకునేవాడు కాదు."

ఆమె మూత తీసింది.

నేను వర్జిల్ మాటలు ఎత్తుకోను. మంచి నీలమని మాత్రం చెప్తాను. ముందు నార్బర్ట్ చూశాడు, కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని. పక్కన గొళ్ళెం తోసి చక్రాన్ని రెండు చేతులతో బయటికి తెరిచాడు, వెలుతురుకి పట్టి చూశాడు. 

"ట్రిగ్గర్ లాగినప్పుడల్లా లోపలున్న చిన్న కొక్కెం చక్రానికి రాసుకుంటుందమ్మా," అన్నాడు కొరీన్‌తో. "రాసుకుని రాసుకుని చుట్టూ వెంట్రుక లాంటి గీత పడుతుంది. ఎంత జాగ్రత్తగా వాడినా పడుతుంది. దీనికి లేదు. నా జన్మలో ఇలాంటిది చూడలేదు."

విల్మా కళ్ళు తుడుచుకుంది. ఇక అందరం వర్జిల్ వైపు తిరిగాం.

వాడు అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. తలొంచుకుంటే మేమూ నవ్వేసి ఇంకో కప్పు కాఫీ పోసేవాళ్ళం. కానీ నలభై ఏళ్ళ అలవాటు, గొంతులోంచి అదంతటదే వచ్చేసింది.

"గీత ఎందుకుంటుంది?" అన్నాడు. "హార్లన్‌కి తెలీకుండా పేల్చాను కదా. ఆయన ఊళ్ళో లేనప్పుడు. ఇందాక ఆయన పరువు కోసం అలా చెప్పాను. గీతలు పడేసరికి భయమేసి, ఆయన కనిపెట్టకూడదని, పాత పూతంతా ఇసుక కాగితంతో రుద్దేసి, నేనే మళ్ళీ నీలం పూత వేసి పెట్టేశాను. నా చేతి పనిరా ఇది!"

విల్మా చేతిలో కప్పు జారి పగిలింది.

"ఇసుక కాగితమా?" అంది.

సుడిగాలికి చలించని నార్బర్ట్, పాముకి చలించని నార్బర్ట్, ఇసుక కాగితం అనేసరికి అరుగు మెట్టు మీద కూలబడిపోయాడు.  పాత రివాల్వర్ పూత గీకడమంటే మా వాళ్ళలో మనిషి చెయ్యకూడని పని. ఇష్టం లేని వాడి మీద కూడా అలాంటి నింద వెయ్యం. వర్జిల్ దాన్ని తన మీద తనే వేసుకున్నాడు, అదీ గర్వంగా.

కొరీన్‌కి పూత సంగతి తెలీదు. ఆమెకి వినపడిన మాట వేరే.

"పేల్చారా?" అంది.  "నిజంగా పేల్చారా? ఆయన రోజూ పొద్దున్నే తీసి చూసుకున్నది పేలినదాన్నా?"

వర్జిల్ టోపీ అంచు కళ్ళ మీదికి లాక్కున్నాడు. 

"వాడి మాటకేమమ్మా," అన్నాను నేను, "అబద్ధం అది, నార్బర్ట్ చూశాడు కదా..."

"చూశాను, అసలు పూతే అని నా నమ్మకం," అన్నాడు నార్బర్ట్ మెట్టు మీంచి. "ఒట్టు వెయ్యమంటే వేస్తాను. కానీ ఈ మాట అరుగు దిగిందంటే ఇక నా ఒట్టు ఎవడిక్కావాలి? వాడెవడో పూత మార్చాడట, పేల్చాడట అని ప్రతివాడూ దీన్ని ఎత్తి వెలుతురులో తిప్పిచూస్తాడు. హార్లన్ ఇన్నేళ్ళూ దాచుకున్నది ఒక అనుమానంగా మిగిలిపోతుంది. వర్జిల్, నువ్వు పేల్చావా, లేదా? నీ కథలో సంగతి కాదు. ఆ అమ్మాయికి చెప్పు."

వర్జిల్ లేచాడు. టోపీ తీశాడు. వాడి నెత్తి మీద జుట్టు లేదని నాకు అప్పుడే తెలిసింది.

"పేల్చలేదు," అన్నాడు.

అంతే అన్నాడు. కానీ నేను చెప్తున్నాను, సుడిగాలి నిజంగా వచ్చి ఆ అరుగుని ఎత్తుకుపోయినా మేం అంత అదిరిపడేవాళ్ళం కాదు. ఆ మనిషి నోట ఆ మాట! విల్మా గబుక్కున ఛాతీ మీద చెయ్యేసుకుంది.

"అయితే పూత?" అన్నాడు నార్బర్ట్.

"లేదు. పూత లేదు, ఇసుక కాగితం లేదు. సుడిగాలి లేదు. పక్షులు లేవు. పాము లేదు. సూపు డబ్బా కూడా లేదు. హార్లన్ నాకెప్పుడూ చూపించలేదమ్మా. ఇవాళే చూడ్డం నేను. అదీ ఇక్కణ్ణుంచి, నార్బర్ట్ భుజం అడ్డం వస్తుంటే." టోపీని చేతుల్లో తిప్పుకున్నాడు. "నా దగ్గర మంచిదొక్కటీ లేదు. వీళ్ళందరూ తమవి తెచ్చి ఈ బల్ల మీద పరుస్తారు. నేను మాటలు పరుస్తాను. ఒక్కటుంటే బాగుండుననిపించింది. మీ నాన్న సంగతి తెలిస్తే ఆయన్ని అందులోకి లాగేవాణ్ణి కాదు. తెలీదు తల్లీ. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని కూడా తెలుసుకోలేదు."

కొరీన్ చాలాసేపు వాడి మొహం చూసింది. నమ్మాలా వద్దా అన్నట్టు కాదు. ఇంక దాచేది ఏమైనా ఉందా అన్నట్టు. ఆ తర్వాత నార్బర్ట్ చేతిలోని గుడ్డ తీసి వర్జిల్‌కిచ్చింది.

"చేతులు తుడుచుకోండి," అంది.

తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా. ఆమె నార్బర్ట్ దగ్గర్నుంచి రివాల్వర్ తీసుకుని వాడి చేతుల్లో పెట్టింది. వర్జిల్ తెరిచి ఉన్న చక్రాన్ని ఎడమ అరచేత్తో పట్టి, నిద్రపోతున్న పసిపిల్ల తల దిండు మీద పెట్టినట్టు లోపలికి నొక్కాడు. చిన్న చప్పుడైంది, టక్. వేలు ట్రిగ్గర్ దరిదాపులకి పోనివ్వలేదు.  నేలమీది కప్పు ముక్కలు ఏరడం కూడా మర్చిపోయి విల్మా వాణ్ణే చూస్తోంది. కాసేపటికి రెండు చేతులతో తిరిగిచ్చేశాడు.

కొరీన్ పెట్టె మూసింది.

"ఇచ్చేసి వెళ్దామనే వచ్చాను," అంది. "ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం నాకిష్టం లేదు. కానీ ఇసుక కాగితం అన్నందుకే మీరంతా ఇలా అయిపోతే, ఆయన పొద్దున్నే కూర్చుని ఏం చూసుకునేవాడో నాకిప్పుడు కొంచెం అర్థమైంది. ఇది నాతోనే వస్తుంది. విల్మా గారూ, నూనె ఎలా పట్టించాలో నేర్పుతారా?"

"ఈ వారమే వస్తానమ్మా," అంది విల్మా. నాకు తెలుసు, ఆ రివాల్వర్ కోసం ఆమె తన అల్మారా మొత్తం ఇచ్చేసేది. అయినా ఆ మాటలో ఈర్ష్య లేదు.

కొరీన్ ట్రక్కు మలుపు తిరిగేదాకా అందరం చూస్తూ నిలబడ్డాం.  వర్జిల్ కాఫీ సగం వదిలేసి వెళ్ళిపోయాడు.

వేసవిలో కౌంటీ మైదానంలో తుపాకుల ప్రదర్శన పెట్టారు. మా బల్ల దగ్గరికి మిస్సోరీ నుంచి వచ్చిన ఒక లావుపాటి పెద్దమనిషి ఆగాడు. విల్మావి చూశాడు, నావి చూశాడు, ఖాళీ చేతులతో కూర్చున్న వర్జిల్‌ని చూసి, "మీదేదండీ?" అన్నాడు.

"నాదేం లేదు," అన్నాడు వర్జిల్. "కానీ ఒక్కసారి కూడా పేలని రివాల్వర్ ఒకటుంది, హార్లన్ వాస్‌బర్గ్ అనే ఆయనది. చక్రం మీద గీత కూడా లేదు. దాన్ని నేను ఈ చేతులతో పట్టుకున్నాను."

ఆ పెద్దమనిషి మా వైపు తిరిగి కన్ను గీటాడు. "ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు కదా ఇలా కోతలు కోసేవాడు," అన్నాడు.

"నిజమండీ!" అంది విల్మా.

"అవునండీ, నిజం, నేనూ ఉన్నాను అక్కడ," అన్నాడు నార్బర్ట్.

"మీరు ముగ్గురూ ముందే అనుకుని చెప్తున్నారు," అని నవ్వుకుంటూ ఆయన ముందుకి కదిలాడు.

వర్జిల్ నిర్ఘాంతపోయి ఆయన వీపు వైపు చూస్తుండిపోయాడు. కుర్చీలోంచి సగం లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. "నిజమయ్యా బాబూ," అని అరిచాడు.

ఆ మాట అనడం బొత్తిగా అలవాటు లేని గొంతు కదా, పక్కనే కూర్చున్న నాకే నమ్మబుద్ధి కాలేదు.